వరం సరే, షరతేమిటి?



సైన్స్ ఫిక్షన్ సినిమా రిలీజైన రోజున ఏ ఊళ్లోనైనా హాలు ముందు ఒక పెద్దమనిషి కనిపిస్తాడు. వయసు యాభై దాటి ఉంటుంది. చుట్టూ కాలేజీ కుర్రాళ్లు గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, మొదటి రోజు ఎంత వసూలవుతుంది అని వాదించుకుంటుంటే ఈయన టికెట్ జేబులో పెట్టుకుని నింపాదిగా నిలబడతాడు. 1991 జులైలో ‘ఆదిత్య 369’ చూసి ఈ తరహా సినిమాల రుచి మరిగినవాడు. ఆ తర్వాత తెలుగు డబ్బింగులు, ఇంగ్లిష్ బొమ్మలు, సీడీలు, ఓటీటీలు అన్నీ దాటుకుంటూ వచ్చాడు. ఇలాంటివాళ్లు వీధికొకరు ఉంటారు. ఈ పూట ప్రసంగం అలాంటి అభిమాని గురించి, ఈమధ్య వచ్చిన భారీ సినిమాల మీద ఆయన మెప్పుల గురించి, సణుగుళ్ల గురించి.

సినిమా అయిపోయాక ఆయన అడిగే ప్రశ్న ఒకటే. వరం సరే, షరతేమిటి?

ఈ ప్రశ్న ఆయనకు జానపద సినిమాలు నేర్పాయి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’నే తీసుకుందాం. కోరిందల్లా ఇచ్చే బొమ్మ ఒకటి ఉంది. అది చేతికి రావాలంటే తెలివీ, ధైర్యమూ ఉన్న కుర్రాణ్ణి బలివ్వాలి. ఆ షరతు ఉంది కాబట్టే నేపాళ మాంత్రికుడు వెతుక్కుంటూ బయల్దేరాడు, తోట రాముడు అతని కంట పడ్డాడు, కథ నడిచింది. బొమ్మ ఊరికే దొరికి ఉంటే మొదటి రీలుతోనే శుభం కార్డు పడేది. సైన్స్ ఫిక్షన్‌లో మంత్రం స్థానంలో యంత్రం వస్తుంది గానీ కథకుడి మీద బాధ్యత మారదంటాడు మన అభిమాని. కాలంలో ప్రయాణించవచ్చు, చచ్చిన జంతువుని మళ్లీ పుట్టించవచ్చు, ముసలితనాన్ని ఆపవచ్చు. ఎవరు కాదన్నారు? దానికి ఎవరు ఏం చెల్లించుకున్నారో చూపించాలి.

తెలుగులో ఈ విద్య గురుపరంపరగా వచ్చిందనడానికి ఒక చక్కని దాఖలా ఉంది. ‘పాతాళభైరవి’ తీసిన కె.వి. రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీశారు. అందులో ప్రియదర్శిని అనే పెట్టె ఉంటుంది. మూత తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అదే కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, ఇద్దరూ ఆ పెట్టెలోంచే పాట పాడుకుంటారు. ఈ కాలం పిల్లలు దాన్ని చూసి ల్యాప్‌టాప్ అంటారు, వీడియో కాల్ అంటారు. అభిమాని గమనించేది ఇంకొకటి. ఆ పెట్టె ముందు ఎవరూ మనసులో మాట దాచుకోలేరు. నలుగురి మధ్య మూత తీస్తే గుట్టు బయటపడుతుంది. చూసే వరం ఇచ్చిన పెట్టే దాచుకునే వీలు లాక్కుంది. ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాడు సింగీతం శ్రీనివాసరావు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆయనే ‘ఆదిత్య 369’ తీశారు. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు ‘కల్కి 2898 ఏడీ’ మొదలుపెట్టిన నాగ్ అశ్విన్, మార్గదర్శకుడిగా పక్కన కూర్చోబెట్టుకున్నది కూడా ఆయన్నే.

‘ఆదిత్య 369’కి మూలప్రేరణ 1895లో హెచ్.జి. వెల్స్ రాసిన ‘టైమ్ మెషీన్’ నవల. తెలుగులోకి వచ్చేసరికి ఆ యంత్రం బాలకృష్ణను, మోహినిని 1526 నాటి విజయనగరంలో దించింది. అక్కడ రాయలవారు కూడా బాలకృష్ణే. తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్, మాటలకు జంధ్యాల. తర్వాత అదే యంత్రం వాళ్లను 2504కి తీసుకుపోయింది. అప్పటికి మూడో ప్రపంచయుద్ధం జరిగిపోయి, భూమి మీద అణుధార్మికత నిండిపోయి, మనుషులు నేల కింద బతుకుతుంటారు. అప్పట్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ మనవాళ్లకు అందుబాటులో లేవు. సెట్లు, లైట్లు, కెమెరా, ఇళయరాజా సంగీతం, అంతే. అయినా ఆ సినిమా నిలబడిందంటే కారణం ఆ యంత్రం చెప్పినట్టు వినకపోవడం. ఎక్కినవాళ్లు కోరుకున్న చోటికి అది తీసుకుపోదు, రమ్మన్నప్పుడు వెనక్కి తీసుకురాదు. 2025 ఏప్రిల్‌లో ఆ సినిమాను 4కె ప్రింటుతో మళ్లీ విడుదల చేశారు. అభిమాని ఈసారి కొడుకుతో వెళ్లాడు. భవిష్యత్తు సెట్టు చూసి కొడుకు నవ్వాడు. యంత్రం మొరాయించినప్పుడు మాత్రం నవ్వలేదు.

అదే ఏడాది ఫిబ్రవరి 7న ఇండియాలో ‘ఇంటర్‌స్టెల్లార్’ మళ్లీ వచ్చింది. పదేళ్ల కిందటి ఇంగ్లిష్ సినిమా, మూడు గంటల నిడివి, అయినా హైదరాబాద్‌లో ప్రసాద్స్ పెద్ద తెర మీద చూడాలని కుర్రాళ్లు టికెట్ల కోసం ఎగబడ్డారు. దీన్ని కొందరు ఫ్యాషనన్నారు. అభిమాని మాత్రం ఆ నీళ్ల గ్రహం సీను చూడమంటాడు. బ్లాక్‌హోల్ పక్కనే ఉన్న ఆ గ్రహం మీద ఒక గంట గడిస్తే భూమి మీద ఏడేళ్లు గడుస్తాయి. లెక్క కడితే ఒకటిన్నర సెకను కూడా నిండకముందే ఇక్కడ ఒక రోజు తెల్లారి పొద్దుగూకుతుంది. మోకాలి లోతు నీళ్లలో వ్యోమగాములు తడబడుతూ నడుస్తుంటే వెనక సంగీతం గడియారంలా టిక్కుటిక్కుమంటుంది. అలలు విరుచుకుపడి, ఒకణ్ణి పోగొట్టుకుని, మిగిలినవాళ్లు నౌకకు తిరిగొస్తారు. తలుపు తీసినవాడి గడ్డం నెరిసిపోయి ఉంటుంది. ఇరవై మూడేళ్లు గడిచిపోయాయి. హీరో కూర్చుని భూమి నుంచి వచ్చిన పాత వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తాడు. కొడుకు పెళ్లి చేసుకున్నాడు, తండ్రయ్యాడు, కూతురికి సరిగ్గా తండ్రి వయసొచ్చింది. ఆ సీనులో గ్రాఫిక్స్ లేవు. ఒక మొహం, ఒక స్క్రీను, అంతే. కానీ దాని వెనక సైన్సు గట్టిది. భౌతికశాస్త్రవేత్త కిప్ థార్న్ ఇచ్చిన సమీకరణాల మీదే ఆ బ్లాక్‌హోల్ బొమ్మ కట్టారు. 2017లో ఆయనకు గురుత్వ తరంగాల పరిశోధనకు నోబెల్ వచ్చింది.

తక్కువ చూపించి ఎక్కువ నమ్మించడంలో ‘జురాసిక్ పార్క్’ను మించిన పాఠం ఇంకా రాలేదని అభిమాని గట్టి నమ్మకం. 1993 నాటి ఆ సినిమాలో డైనోసార్లు తెర మీద కనిపించేది మొత్తం కలిపితే పావుగంట. జనానికి గుర్తుండిపోయింది కారు డాష్‌బోర్డు మీది గ్లాసులో వణికిన నీళ్లు. డాష్‌బోర్డు కింద గిటారు తీగ కట్టి, దాన్ని మీటి ఆ వలయాలు పుట్టించారు. కథలో షరతు కూడా బిగువైనది. పిల్లల్ని కనకూడదని అన్నిటినీ ఆడవిగానే పుట్టించారు, డీఎన్‌ఏలో ఖాళీలను కప్ప డీఎన్‌ఏతో పూడ్చారు. కొన్ని కప్పలు అవసరమైతే ఆడ నుంచి మగగా మారతాయి. వాళ్లు పెట్టుకున్న జాగ్రత్తను వాళ్లు వేసిన మాటే చెడగొట్టింది.

మరి 2025లో వచ్చిన ‘జురాసిక్ వరల్డ్: రీబర్త్’ సంగతి? రెంటికీ రచయిత డేవిడ్ కెప్. కొత్తదాంట్లో న్యూయార్క్‌లో ఒక పెద్ద డైనోసార్ జబ్బు చేసి రోడ్డు పక్కన పడి ఉంటుంది, దానివల్ల ట్రాఫిక్ ఆగిందని జనం విసుక్కుంటారు. లోకానికి డైనోసార్లు మొహం మొత్తాయని సినిమానే ఒప్పుకుంది. అభిమానికి ఆ సీను బాగా నచ్చింది. దాని మీదే సినిమా నడిపి ఉంటే బాగుండేదని ఆయన బాధ. కాసేపటికే షరామామూలుగా దీవి, పరుగులు, పెద్ద నోళ్లు.

సూపర్‌హీరో సినిమాల దగ్గరికొస్తే ఆయన సణుగుడు కాస్త పెద్దదవుతుంది. 2019లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ 279 కోట్ల డాలర్లు వసూలు చేసింది. దాంట్లో ఐరన్ మ్యాన్ చిటిక వేసి లోకాన్ని కాపాడి, ఆ దెబ్బకే ప్రాణం వదిలాడు. హైదరాబాద్ హాళ్లలో కూడా కుర్రాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వరానికి షరతు అంటే అదీ అని అభిమాని సంతోషించాడు. ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. సమాంతర లోకాలు అనే తలుపు తెరిచారు. ఈ లోకంలో చచ్చినవాడు పక్క లోకంలో నిక్షేపంగా ఉంటాడు, కావాలంటే పిలుచుకోవచ్చు. 2017లో ‘లోగన్’లో వుల్వరిన్ చనిపోయాడు. 2024లో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ మొదలవడమే డెడ్‌పూల్ ఆ సమాధి తవ్వడంతో మొదలవుతుంది. ఎముకలు దొరుకుతాయి, ఆ ఎముకలతోనే శత్రువుల్ని చితకబాదుతాడు. హాలంతా ఈలలు. అభిమాని కూడా నవ్వాడు, అబద్ధమెందుకు. ఆ సినిమా 130 కోట్ల డాలర్లు దాటింది. కానీ ఐరన్ మ్యాన్ వేషం వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్‌నే డాక్టర్ డూమ్‌గా మళ్లీ తెస్తున్నామని 2024 జులైలో ప్రకటించేసరికి, పాత కన్నీళ్లకు విలువేమిటని ఆయనకు అనిపించింది. చావుకే పూచీ లేనప్పుడు ప్రమాదానికి ఏం పూచీ? 2023లో ‘ది మార్వెల్స్’ 20 కోట్ల డాలర్ల చుట్టూ ఆగిపోయి, మార్వెల్ స్టూడియోస్ సినిమాల్లో అన్నిటికంటే తక్కువ వసూలు చేసినదిగా మిగిలింది. ప్రేక్షకులు కూడా అదే ప్రశ్న అడగడం మొదలుపెట్టారేమో.

ఇటీవలి సినిమాల్లో ఆయన నిండు మనసుతో మెచ్చుకునేది ‘డ్యూన్’. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవలను డెనీ విల్నవ్ 2021లో, 2024లో రెండు భాగాలుగా తీశాడు. ఎడారి గ్రహం, నీళ్లు లేవు. ఈ ఒక్క సంగతి నుంచి ఆ లోకంలో ప్రతి అలవాటూ పుట్టుకొచ్చింది. ఒంటి చెమటను కూడా వడగట్టి మళ్లీ తాగించే దుస్తులు వేసుకుంటారు. ఇసుకలో అడుగుల చప్పుడు ఒకే లయలో పడితే కింద ఉన్న రాకాసి పురుగు పసిగడుతుంది, అందుకని ఒక అడుగు లాగి, ఒకటి జార్చి, తాళం తప్పించి నడుస్తారు. మొదటి భాగంలో ఎడారి తెగ నాయకుడు స్టిల్గార్ ప్రభువు ముందుకొచ్చి బల్ల మీద ఉమ్మేస్తాడు. కత్తుల మీదికి చేతులు పోతాయి. అంతలో ఒకడు తెలిసినవాడు కలగజేసుకుని, ఒంట్లో నీటిని కానుకగా ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పి తనూ ఉమ్ముతాడు. ప్రభువు కూడా ఉమ్ముతాడు. అర నిమిషం సీను, ఒక జాతి బతుకంతా అందులో ఉంది.

రెండో భాగంలో కుర్ర హీరో పాల్‌కు భవిష్యత్తు కనిపించే వరం వస్తుంది. షరతు ఏమిటంటే అతను గెలిస్తే అతని పేరు మీద కోట్లమంది చస్తారు, అదీ అతనికి ముందే కనిపిస్తుంది. మన హాళ్లలో హీరో సింహాసనం ఎక్కితే కాగితాలు ఎగరేస్తారు. ఇక్కడ అతను ఎక్కుతుంటే ప్రేమించిన పిల్ల మొహం తిప్పుకుని ఎడారిలోకి వెళ్లిపోతుంది. ఎలివేషన్ ఇచ్చిన చేత్తోనే దర్శకుడు దాన్ని లాగేసుకున్నాడు. అభిమాని ఈ సినిమాకు రెండోసారి వెళ్లింది ఆ చివరి పది నిమిషాల కోసం.

‘అవతార్’ మీద ఆయన అభిప్రాయం చెబితే కొందరు నొచ్చుకుంటారు. 2022 నాటి రెండో భాగం ‘ది వే ఆఫ్ వాటర్’ 230 కోట్ల డాలర్లు దాటింది. జేమ్స్ కామెరాన్ నటుల్ని నిజంగానే నీళ్లతొట్టిలో దించి, నీటి కిందే వాళ్ల నటనను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. కేట్ విన్‌స్లెట్ ఏడు నిమిషాలకు పైగా ఊపిరి బిగబట్టింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ సినిమాలో తిమింగలాల్లాంటి జీవుల మెదడు నుంచి ఒక ద్రవం తీస్తారు, అది మనిషి ముసలితనాన్ని ఆపేస్తుంది, దాని పేరు అమృత. ఇంత పెద్ద సంగతిని ఒక్క సీనులో చెప్పి వదిలేశారు! భూమి మీద అది ఎవరికి దొరుకుతోంది, దొరకనివాళ్లు ఏం చేస్తున్నారు? మొదటి భాగంలో చచ్చిన విలన్ జ్ఞాపకాలను కొత్త శరీరంలో పోసి మళ్లీ తెచ్చారు. 2025 డిసెంబరులో వచ్చిన ‘ఫైర్ అండ్ యాష్’లోనూ అతనే. కళ్లకు విందు, కథకు పాత చిట్టా అని ఆయన తీర్పు.

డబ్బుకూ ఈ షరతుకూ సంబంధం లేదనడానికి ఆయన చూపించే సాక్ష్యం జపాన్ నుంచి వచ్చింది. 2023 నాటి ‘గాడ్జిల్లా మైనస్ వన్’కు ఒకటిన్నర కోట్ల డాలర్లు కూడా కాలేదని దర్శకుడు తకాషి యమజాకి చెప్పాడు. మన లెక్కలో 120 కోట్ల రూపాయల చుట్టూ. గ్రాఫిక్స్ చేసినవాళ్లు 35 మంది, చేసిన షాట్లు 610. ఆ విభాగానికి పెద్ద దర్శకుడే. 2024 మార్చిలో హాలీవుడ్ భారీ సినిమాలను పక్కకు నెట్టి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ పట్టుకుపోయారు. కథ యుద్ధంలో ఓడి కుదేలైన జపాన్‌ది. గాడ్జిల్లా నోటి నుంచి కిరణం వదిలేముందు వీపు మీది పలకలు తోక నుంచి మెడ దాకా ఒక్కొక్కటిగా పైకి లేస్తాయి. హాలు ఊపిరి బిగబట్టుకోవడానికి అంత సమయం దొరుకుతుంది. కిరణం వదిలాక దాని ఒళ్లూ కాలిపోతుంది, కోలుకోవడానికి సమయం పడుతుంది. రాక్షసికి కూడా షరతు పెట్టారు. దాని మీదికి వెళ్లే హీరో, ఆత్మాహుతి దాడికి పంపితే విమానం పాడైందని అబద్ధమాడి తప్పించుకున్న పైలట్. బతికిపోవడమే అతని నేరం, అతని శిక్ష.

మన దక్షిణాదిలోనూ ఇలాంటి గట్టి కథలు లేకపోలేదు. 2010లో శంకర్ తీసిన ‘రోబో’లో మరమనిషి చిట్టికి మనసు పెట్టారు, పెట్టిన మనసు ప్రేమించింది, అసూయపడింది, తయారుచేసినవాడి మీదికే తిరిగింది. 2018 నాటి ‘2.0’కు 500 కోట్లకు పైగా ఖర్చయిందన్నారు. సెల్‌ఫోన్ రేడియేషన్‌తో పక్షులు చచ్చిపోతున్నాయన్న కథ మీద మొబైల్ కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు కూడా చేసింది. అయితే విలన్ ఆత్మగా మారేసరికి సైన్సు సినిమా దెయ్యం సినిమా అయిందని అభిమాని పెదవి విరిచాడు. దానికంటే ఆయన 2022లో వచ్చిన ‘ఒకే ఒక జీవితం’ను ఎక్కువసార్లు తలుచుకుంటాడు. శర్వానంద్, వెన్నెల కిశోర్, ప్రియదర్శి టైమ్ మెషీన్‌లో 1998కి వెళతారు. లోకాన్ని కాపాడే పనేమీ లేదు. ఒకడు చనిపోయిన తల్లిని చూసుకోవాలి. తల్లి అమల. ఎదిగిన కొడుకు ఎదుట నిలబడితే ఆమెకు అతనెవరో తెలియదు. తల్లి కనిపిస్తుంది, అమ్మా అని పిలవడానికి వీల్లేదు.

ఇక ‘కల్కి’. 2024 జూన్ 27న విడుదలైంది. 600 కోట్ల ఖర్చని వార్తలొచ్చాయి, వసూళ్లు 1000 కోట్లు దాటాయి. ముందు మెప్పులు. కలియుగం క్రీస్తుపూర్వం 3102లో మొదలైందని మన పంచాంగాల లెక్క. దానికి 2898 కలిపితే 6000. పేరులో ఆ అంకె అలంకారానికి పెట్టింది కాదని తెలిసి అభిమాని ముచ్చటపడ్డాడు. గంగ ఎండిపోయిన కాశీ, దాని నెత్తిన తలకిందులు పిరమిడ్‌లా వేలాడే కాంప్లెక్స్, నీళ్లూ పచ్చదనమూ అన్నీ పైనున్నవాళ్లకే. బుజ్జి అనే కారు ముందు రెండు చక్రాలు, వెనక బంతిలాంటి ఒక చక్రంతో నిజంగానే తయారై రోడ్డెక్కింది. మహీంద్రా ఇంజినీర్లు, కోయంబత్తూరు జయెమ్ సంస్థ కలిసి పనిచేశారు. 2898లో కూడా ప్రభాస్ అద్దె బాకీ పడటం, ఇంటి ఓనరు బ్రహ్మానందం కావడం తెలుగువాడికే తట్టే ఊహ.

అన్నిటినీ మించి అశ్వత్థామ. చావు లేకపోవడం అతనికి వరంగా రాలేదు, ఉత్తర గర్భం మీదికి అస్త్రం వేసినందుకు కృష్ణుడిచ్చిన శాపంగా వచ్చింది. ఆరువేల ఏళ్లు ఆ గాయాలతో బతకాలి, మళ్లీ ఒక గర్భాన్ని కాపాడితే విముక్తి. అమితాబ్ ఎనభై దాటిన వయసులో ఆ బరువును కళ్లలో మోశారు. ప్రపంచంలో ఏ సైన్స్ ఫిక్షన్ సినిమాలోనైనా ఇంతకంటే గట్టి షరతున్న పాత్రను చూపించమని అభిమాని సవాలు చేస్తాడు.

సణుగుడు ప్రభాస్ పాత్ర భైరవ గురించి. అతనికి కాంప్లెక్స్‌లోకి వెళ్లాలని కోరిక, దానికి పది లక్షల యూనిట్లు కావాలి. ఆ యూనిట్ల కోసం అతను ఏం పోగొట్టుకుంటున్నాడో గంటన్నర దాకా తెలియదు. ఆ గంటన్నరలో రామ్‌గోపాల్ వర్మ, రాజమౌళి, దుల్కర్, పెళ్లిలో చదివింపుల జాబితాలాగా ఒక్కొక్కరూ వచ్చి వెళతారు. హాల్లో ప్రతి మొహానికీ కేకలు పడ్డాయి, కథ మాత్రం అక్కడే నిలబడింది. మూడు గంటల సినిమాలో షరతు ఉన్నవాడు ముసలాయన, ఎలివేషన్లు మాత్రం కుర్రాడివి.

అయినా ఆయన రెండో భాగం కోసం ఎదురుచూస్తున్నాడు. కారణం కమల్‌హాసన్ వేసిన విలన్ సుప్రీమ్ యాస్కిన్. కమల్, సింగీతం కలిసి 1989లో ‘విచిత్ర సోదరులు’ తీసినప్పుడు కంప్యూటర్ సాయం లేకుండా మోకాళ్లకు ప్రత్యేకంగా చేయించిన బూట్లు తొడిగి మరుగుజ్జును నడిపించారు. అదే కమల్ ఇప్పుడు మేకప్ కింద ఎండిపోయిన శరీరంతో వేలాడుతూ కనిపిస్తాడు. చివర్లో అశ్వత్థామ కాపాడుతున్న ఆ తల్లి గర్భం నుంచి తీసిన సీరం ఒక్క చుక్కతో యవ్వనం తెచ్చుకుని, ఎవరూ ఎత్తలేని గాండీవాన్ని ఎత్తుతాడు. ఒక్క చుక్క ఎన్నాళ్లు పనిచేస్తుంది? రెండో చుక్క ఎవరి దగ్గర దొరుకుతుంది? అర్జునుడి విల్లు ఇలాంటివాడి చేతికి ఎందుకు లొంగింది? ఈ మూడింటికీ జవాబులు నాగ్ అశ్విన్ బాకీ ఉన్నాడని, మొదటి రోజు మొదటి ఆటకే వెళ్లి వసూలు చేసుకుంటానని ఆయన ఇప్పటినుంచే చెబుతున్నాడు. ఈసారి కొడుకు కూడా వస్తానన్నాడట.